అల్లినవారు: తెలియదు

వెస్ట్ ఆర్లీ, మసాచుసెట్స్
అక్టోబరు

కోరా,

ఎలా ఉన్నావే అమ్మాయ్? నా ఉత్తరం రాజధానిలో, నీలాంటివాళ్ళ అడ్రసు దాచే సర్కారువారి ఆ పోస్టు పెట్టెకి వెళ్ళి, అక్కడ ఎవరో గుమాస్తా కవరు మార్చి నీకు పంపి, నువ్వు చదివి మళ్ళీ అదే దారిన జవాబు రాసేసరికి చెట్ల ఆకులన్నీ రాలిపోతున్నాయి. ఏ ఊళ్ళో ఉన్నావో నాకు తెలీదు, అడగను కూడా. వెర్మాంట్‌లో ఎక్కడో ఊపిరి పీలుస్తున్నావు, అది చాలు.

నా సంగతి విను. బడి బస్సు నడపడం, వెనక సీట్లో పిల్లల మీద అరవడం మామూలే. కొత్త పిచ్చి ఒకటి పట్టుకుంది. మనలాంటి ఆట చెప్పేవాళ్ళం, శనివారం జంటల డాన్సుకి స్టేజీ మీద నిలబడి 'ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకోండి, తిరగండి, వరసల్లో ముందుకి నడవండి' అని గొంతు చించుకునేవాళ్ళం, మనం అల్లిన ఆటలన్నీ ఎక్కడున్నాయి చెప్పు? అట్టముక్కల మీద, రేకు డబ్బాల్లో. మొన్న హెర్షెల్ పోయాడు. ముసలాడు జన్మంతా పోగుచేసిన డబ్బాని వాళ్ళ కోడలు తీసుకెళ్ళి పొయ్యిలో వేసింది. విని నాకు అన్నం సయించలేదు. అందుకని అందరి ఆటలూ ఇంటర్నెట్‌లో ఒక్కచోట పెడుతున్నాను. డేటాబేస్ అంటారట. ఏ హాలువాళ్ళైనా ఎక్కించవచ్చు, ఎవరిదైనా తప్పుంటే దిద్దవచ్చు. ఆట పేరు, అడుగులు, అల్లినవారు, ఏ శనివారం ఏ హాల్లో ఆడారు, అన్నీ ఉంటాయి.

నీ ఆటలు లేకపోతే ఇదంతా ఉప్పు లేని బీన్స్ కుండే. అక్కడికి వెళ్ళాక కొత్తవి ఏమైనా అల్లావా? అల్లకుండా ఉండవు, నాకు తెలుసు. పంపు. పేరు పెట్టనులే. 'అల్లినవారు: తెలియదు' అని రాస్తాను. అలా రాయడానికి నాకు చెయ్యి రాదు, అయినా నీకోసం రాస్తాను.

ఇంకోటి. ఇకనుంచి కవరు మీద ఇంటి అడ్రసు వద్దు, బస్సు షెడ్డు అడ్రసు రాయి. ఇంటి ముందు పోస్టు డబ్బా మూత తుప్పుపట్టి తెరుచుకోవడం లేదు.

వాడి మాట ఎత్తొద్దన్నావు కాబట్టి ఎత్తను.

మీ వదిన
ప్రూ


పెట్టె నంబరు ద్వారా, వెర్మాంట్
నవంబరు

వదినకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో వేశాను. ఏమీ అనుకోకు. నీ దస్తూరీ ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు.

ఇక్కడ మేకల దొడ్లో పని. పాలు పితుకుతాను, జున్ను చేస్తాను. నవంబరు కదా, జింకల వేట. తుపాకీ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. మొన్న దొడ్డి ముందు ఒక ఆకుపచ్చ బండి ఆగింది. మీ తమ్ముడి బండి రంగే. మేకల మధ్య కూలబడిపోయాను. చూస్తే ఎవరో వేటగాడు, దారి అడగడానికి ఆగాడట. ఆ అబ్బాయి వెళ్ళిపోయాక కూడా అక్కడే కూర్చున్నాను. మేకలు నా జుట్టు నములుతున్నాయి, నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు.

అవును, అల్లాను. ఇక్కడ రైతుల సంఘం హాలు ఒకటి ఉంది. అప్పుడప్పుడు శనివారం సాయంత్రం నేనే ఆట చెప్తాను. అందరికీ నేను నెల్‌ని. హాలు చూసుకునే ఆల్డెన్ తాత ఒక్కడికి మాత్రం ఏదో ఉందని తెలుసు. ఏమిటని ఎప్పుడూ అడగలేదు. మైకు పెట్టేటప్పుడు తలుపు కనబడేట్టు పెడతాడు. ఆ హాలే లేకపోతే నాకు పిచ్చెక్కి ఉండేది.

మూడు ఆటలు పంపుతున్నాను. ఇవి ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఎవరూ ఆడలేదు. వదినా, నా పేరు ఎక్కడా రాకూడదు. పాత పేరు, కొత్త పేరు, ఏదీ. మీ తమ్ముడు ఆట చూసి మనిషిని పోల్చుకుంటాడు. నేను ఏ ఆట అల్లినా చివర్లో ఎడమచేత్తో తిప్పుతానని పెళ్ళయిన కొత్తలో వాడే కనిపెట్టాడు. అప్పుడు ముద్దొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే వెన్ను జలదరిస్తోంది. నా మణికట్టు విరిచిన రోజు సాయంత్రం కూడా ఆడవాళ్ళందరూ వాడితో ఆడాలని ఎగబడ్డారు, నువ్వూ చూశావు. అంత సుతారంగా తిప్పుతాడు హాల్లో. ఒక్క ఆట మధ్యలో వదిలి వెళ్ళడు, ఒక్క అడుగు తప్పడు. బయట ఎవరు నమ్ముతారు నా మాట?

వాడు ఎక్కడున్నాడు? ఎత్తొద్దన్నదీ నేనే, అడుగుతున్నదీ నేనే. నా దగ్గరికి రాకూడదని కోర్టువాళ్ళు కాగితం ఇచ్చారు. కాగితమే కదా వదినా, తలుపు కాదు.

కోరా


వెస్ట్ ఆర్లీ
జనవరి

కోరా,

ఏం ఆటలే అవి! చదువుతూనే వంటింట్లో కుర్చీలని నాలుగు జంటలుగా నిలబెట్టి ఆడేశాను. పొరుగింటి మిల్లీ కిటికీలోంచి చూసి నాకు మతి పోయిందనుకుంది. రెండో ఆటలో ఆ మలుపు ఉంది చూడు, ఎదుటివాళ్ళని వదిలేశామనుకునే లోపల మళ్ళీ చేతికి దొరుకుతారు, అది చదివి కళ్ళనీళ్ళు వచ్చాయి.

సైట్ ఎంత బాగా నడుస్తోందంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. మైన్ నుంచి పెన్సిల్వేనియా దాకా హాళ్ళవాళ్ళు తమ శనివారాలన్నీ ఎక్కిస్తున్నారు, కొందరు పాతవి కూడా తవ్వి తీసి మరీ. ఇప్పుడు పేరు కొడితే చాలు, ఆ మనిషి అల్లిన ఆటలన్నీ, అవి ఎక్కడెక్కడ ఆడారో అంతా ఒక్క పేజీలో వచ్చేస్తుంది. ముందు అలా వచ్చేది కాదు.

ఒక్క సంగతి చెప్పాలి, కోప్పడకు. నీ రెండో ఆట పెట్టి వారం కాలేదు, ఒహాయో నుంచి క్లిఫర్డ్ అనే మహానుభావుడు 'అల్లినవారు: తెలియదు' చెరిపేసి తన పేరు రాసుకున్నాడు! ఇది తన హాల్లో ఎప్పటినుంచో ఆడుతున్నాడట, సిగ్గులేని వెధవ. మళ్ళీ 'తెలియదు' అని దిద్దాను. మళ్ళీ తన పేరు రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆట చెప్తున్నాను, అల్లినవాళ్ళ పేరు చెప్పకుండా ఒక్క ఆట మొదలుపెట్టలేదు. మా అమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం అది, నేను నీకు నేర్పిన మొదటి పాఠం కూడా. ఇంకొకడి ఆట తనదని చెప్పుకునేవాడిని హాల్లోకి రానివ్వం కదా మనం. అందుకని నీ అసలు పేరు పెట్టేశాను. కోరా లిండ్సే అని. మూడింటికీ. ఊరు పెట్టలేదు, ఇంకేమీ పెట్టలేదు. ఉత్త పేరు. ఆ పేరు చూడగానే ఆ క్లిఫర్డ్ నోరు మూసుకున్నాడు.

ఉత్త పేరు చూసి ఎవరేం చేస్తారు చెప్పు?

వాడి గురించి అడిగావు. తాగుడు మానేశాడట. అంతకన్నా నాకు తెలీదు.

ప్రూ


పెట్టె నంబరు ద్వారా
ఫిబ్రవరి

వదినా,

తీసెయ్యి. ఇది చదవగానే నిలబడ్డచోటినుంచే వెళ్ళి తీసెయ్యి.

నీ ఉత్తరం చూసి లైబ్రరీకి పరుగెత్తాను. నా పేరు కొట్టాను. వచ్చింది. పైన నా పేరు, కింద మూడు ఆటలు, ఒక్కో ఆట కింద శనివారాలు, అయిపోయినవీ, రాబోయేదీ. అన్ని శనివారాలూ ఒకే హాలు. మా హాలు. ఊరు పేరుతో సహా. నువ్వు ఊరు పెట్టలేదు, నిజమే. ఆల్డెన్ తాత పెట్టాడు. 'మన హాలు కూడా ఎక్కాలి కదమ్మా, పాతవన్నీ కూర్చుని కొట్టాను' అన్నాడు మురిసిపోతూ. నా మొహం చూసి పాపం ఆయనే భయపడి, తను ఎక్కించినవన్నీ అప్పటికప్పుడు తీసేశాడు. కానీ ఇన్నాళ్ళూ ఎవరెవరు చూశారో?

నీకు ఫోన్ చేద్దామని లైబ్రరీలో ఫోన్ ఎత్తాను. నంబరు సగం కొట్టి పెట్టేశాను. ఎందుకో చెప్పనా? ఇంట్లో వాడే ఎత్తితే?

నువ్వు ఒక వేలితో టైపు చేసే మనిషివి వదినా. పేరు కొడితే పేజీ వచ్చేట్టు చేసిందెవరు? ఉత్తరాలు షెడ్డుకి రాయమన్నప్పుడే నాకు బుర్ర పనిచేసి ఉండాల్సింది. పోస్టు డబ్బా తుప్పట! కంప్యూటర్లు బాగుచేసేది మీవాళ్ళలో మీ తమ్ముడు ఒక్కడే. వాడు మీ ఇంట్లోనే ఉన్నాడా? అబద్ధం రాయకు. అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది.

ఇక్కడి షెరీఫ్ ఆఫీసులో పోలీసులకి చెప్పాను. కనిపిస్తే ఫోన్ చెయ్యమన్నారు. మా హాల్లో సిగ్నల్ రాదు.

ఈ శనివారం ఆట ఉంది. మానేద్దామనుకున్నాను. కానీ కొండ మీద ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని రోడ్డు చూస్తూ ఉండటం కన్నా దీపాలున్న చోట, జనం మధ్య నిలబడటమే నయమనిపిస్తోంది. వెళ్తాను. పెట్టె ద్వారా అయితే ఆలస్యమని దీన్ని పక్క ఊరి పోస్టాఫీసులో నేరుగా వేస్తున్నాను.

కోరా


వెస్ట్ ఆర్లీ
ఫిబ్రవరి, శనివారం

కోరా, నా తల్లీ,

ఇది నీకు అందేసరికి అయ్యేదేదో అయిపోయి ఉంటుంది. తెలుసు. అయినా రాస్తున్నాను. ఊరికే కూర్చుంటే గుండె ఆగిపోయేట్టుంది.

ఉన్నాడు. సెప్టెంబరు నుంచి మేడ మీద గదిలో ఉన్నాడు. వర్షంలో తడిసి వచ్చి గుమ్మం ముందు కూర్చుని ఏడ్చాడు. తాగనన్నాడు, తాగలేదు కూడా. తోడబుట్టినవాడే, ఎలా తోసెయ్యను? చిన్నప్పుడు నా పాదాల మీద నిలబెట్టుకుని వాడికి అడుగులు నేర్పాను. నీతో చెప్తే ఉత్తరాలు మానేస్తావని చెప్పలేదు. సైట్ పని కల్పించుకుని తనే చేశాడు. 'అక్కా, నీకు ఎంత పేరొస్తుందో చూడు' అనేవాడు. నేను మురిసిపోయాను, ముసలి గాడిదని.

ఇవాళ పిల్లల్ని బాస్కెట్‌బాల్ ఆటకి తీసుకెళ్ళి తిరిగొచ్చేటప్పుడు షెడ్డులో ఆగితే నీ ఉత్తరం ఉంది. బస్సులోనే చదివాను. ఇంటికి వచ్చేసరికి వాడి బండి లేదు. మేడ మీదకెళ్ళి చూస్తే అరలో ఆట బూట్లు లేవు. మెత్తటి తోలు అడుగున్న బూట్లు, హాల్లో తప్ప వెయ్యడు. కంప్యూటర్ మీద నీ పేజీ తెరిచే ఉంది. నీ పేరు, మీ హాలు, ఇవాళ్టి తారీఖు. ఆల్డెన్ తాత తీసేయక ముందే దాచుకుని ఉన్నాడు.

నీ నంబరు నాకు లేదు. పెట్టె ఆఫీసు శనివారం మూసి ఉంటుంది. మీ ఊరి పేరు నాకు ఇవాళే తెలిసింది, వాడు తెరిచి పెట్టిన పేజీలోంచి. అక్కడి షెరీఫ్‌కి ఫోన్ చేశాను. మీరెవరు అన్నారు. అక్కనన్నాను. బండి రంగు, నంబరు, పొడుగు, కళ్ళ రంగు, అన్నీ చెప్పాను. ఆయుధం ఏమైనా ఉందా అని అడిగారు. సీటు వెనక వేట తుపాకీ ఎప్పుడూ ఉంటుందని చెప్పాను. మంచు పడుతోంది, వస్తాం కానీ ఎంతసేపు పడుతుందో చెప్పలేమన్నారు.

నా తమ్ముణ్ణి నేనే పట్టించాను. వాళ్ళు వాడిని కాలుస్తారేమోనని భయం. వాడు నిన్ను ఏం చేస్తాడోనని అంతకన్నా భయం. ఫోన్ పక్కన కూర్చున్నాను. మోగదు. దేవుడా, మోగదేం?

ప్రూ


ఊరు రాయను
మార్చి

వదినకి,

బతికే ఉన్నాను. ముందు అది తెలుసుకో.

ఆ శనివారం సగం ఆటలయ్యాక వచ్చాడు. తలుపు దగ్గర డబ్బు కట్టాడు, బల్ల మీద కూర్చుని బయటి బూట్లు విప్పి ఆట బూట్లు వేసుకున్నాడు, మంచు దులుపుకున్నాడు. ఆల్డెన్ తాత వాడికి చక్కగా స్వాగతం చెప్పాడు. ఆయన వాడి మొహం ఎప్పుడూ చూడలేదు కదా. అప్పుడే కొత్త ఆటకి వరసలు కడుతున్నారు. బడి టీచరు బెథ్‌ని రమ్మని తలవంచి అడిగి, వరస చివర, తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు తలెత్తి నన్ను చూసి నవ్వాడు.

కేక వేద్దామనుకున్నాను. వేస్తే ఆట ఆగిపోతుంది. ఆగితే వాడు వరసలోంచి బయటపడి ఎటైనా నడుస్తాడు, నా వైపైనా, బండి వైపైనా. ఆట నడుస్తున్నంతసేపూ మాత్రం నేను చెప్పిన చోటే ఉంటాడు. వాడు జన్మలో ఎప్పుడూ వరస చెడగొట్టలేదు వదినా, అది నీకు తెలుసు, నాకు తెలుసు. పదిమంది ముందు ఆ మర్యాద తప్పడు. అందుకని ఆట మొదలుపెట్టాను.

కానీ మన ఆట సంగతి తెలుసుగా. పాట తిరిగి మొదలైనప్పుడల్లా ప్రతి జంటా ఒక్కో స్థానం జరుగుతుంది. కింద, తలుపు దగ్గర మొదలైనవాళ్ళు పైకి, స్టేజీ దగ్గరికి వస్తారు. నా నోటితో నేనే వాడిని మెట్టు మెట్టుగా నా దగ్గరికి తెచ్చుకుంటున్నాను. 'తిరగండి' అంటాను, ఒక మెట్టు. 'ముందుకి నడవండి' అంటాను, ఇంకో మెట్టు. చెమటకి మైకు చేతిలో జారుతోంది. మా హాలు ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వాడి చేతుల్లో తిరిగి, నవ్వుతూ పక్కకి వెళ్తున్నారు. ఎంత బాగా ఆడుతున్నాడో అని మురిసిపోతున్నారు.

పైకి వచ్చిన జంట ఒక విడత ఊరికే నిలబడాలి కదా. వాడు స్టేజీ కింద నిలబడ్డాడు. చెయ్యి చాపితే నా కాలు అందుతుంది. స్టేజీ అంచు మీద చెయ్యి వేశాడు.

"బాగా చెప్తున్నావు కోరా. ఆపు. బయటికి రా, మాట్లాడుకుందాం."

"ఎవరండీ కోరా?" అంది బెథ్, నవ్వుతూ.

'పై జంట లోపలికి' అన్నాను. బెథ్ చెయ్యి చాపింది. ఒక్క క్షణం కదల్లేదు వాడు. తర్వాత చెయ్యి అందుకున్నాడు. ఇక కిందికి, నాకు దూరంగా, మెట్టు మెట్టుగా.

ఫిడేలు వాయించే ముసలమ్మ నా వైపు చూస్తూనే ఉంది, ఆపమని వేలు ఎత్తుతానేమోనని. ఎత్తలేదు. ఆవిడ భుజం నొప్పితో మొహం ముడుచుకుంది, అయినా వాయించింది. జనం రొప్పుతున్నారు. 'నెల్, చంపుతావా ఏమిటి మమ్మల్ని!' అని ఎవరో అరిచారు, అందరూ నవ్వారు. నేను చెప్తూనే ఉన్నాను. ఎంతసేపని? ఎవరొస్తారని? నాకే తెలీదు. నేను ఎవరినీ పిలవలేదు. ఆపితే చస్తానని మాత్రమే తెలుసు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. టోపీల మీద మంచుతో షెరీఫ్ ఆఫీసునుంచి ఇద్దరు డెప్యూటీలు. వాళ్ళు ఎవరికోసం వెతుకుతున్నారో నాకు వెంటనే అర్థమైంది, ఎలా వచ్చారో అర్థం కాలేదు. వాడు అప్పటికి వరస మధ్యలో ఉన్నాడు, అటూ ఇటూ పిల్లలు, ఆడవాళ్ళు. అక్కడ ఆపకూడదు. వాళ్ళవైపు చూసి తల అడ్డంగా ఊపాను, ఆగమని. ఆగారు. వాడిని ఇంకా కిందికి పంపాను. ఇంకా. వాడు చివరికి చేరి, వీపు తలుపు వైపు పెట్టి నిలబడగానే వేలు ఎత్తాను.

"ఆపండి. ఎవరూ కదలొద్దు. ఉన్నచోటే ఉండండి."

అందరూ నిలబడిపోయారు. చెప్పిన మాట వినడం అలవాటు కదా మనవాళ్ళకి. భుజం మీద చెయ్యి పడేదాకా వాడికి తెలీలేదు. ఏం చేశాడో తెలుసా? బెథ్‌కి తలవంచి, ఆటకి థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. తుపాకీ సీటు వెనకే దొరికిందట, గుళ్ళతో.

ఎవరు పిలిచారో రెండు వారాలకి నీ ఉత్తరం అందాక తెలిసింది.

నీ మీద నాకు కోపం ఉంది వదినా. చాలా కోపం. నన్ను చంపబోయినవాడికి నువ్వు భోజనం పెట్టి, నాకు పోస్టు డబ్బా తుప్పు గురించి రాశావు. నువ్వే లేకపోతే ఇవాళ నేను లేను. రెండూ నిజమే. రెండింటితోనూ ఏం చెయ్యాలో ఇంకా తెలియడం లేదు, అప్పుడప్పుడు ఏడుస్తున్నాను.

కొన్ని నెలలు లోపల ఉంటాడట. తర్వాత వదిలేస్తారు. హాలు వాడికి తెలుసు కాబట్టి వచ్చేశాను. ఆల్డెన్ తాత తలుపు దగ్గర రోజూ తనే కాపలా కూర్చుంటానన్నాడు, ఎనభై దాటిన మనిషి. వద్దని చెప్పి మేకల్ని చూడకుండానే బండెక్కాను. ఈ పాత పెట్టెకి వచ్చినవి కొన్నాళ్ళు నాకు పంపిస్తారు. ఆ తర్వాత ఉత్తరాలు వద్దు.

నా పేరు అన్నిటిమీదా తీసెయ్యి. పాతవాటి మీద కూడా, మనిద్దరం కలిసి ఆడినవాటి మీద కూడా. క్లిఫర్డ్ రాసుకుంటే రాసుకోనీ. ఆటలు మాత్రం చెప్పు. ఒక్కటే కోరిక. మొదలుపెట్టే ముందు, అల్లినవాళ్ళ పేరు చెప్పే చోట, ఏమీ చెప్పకుండా కొంచెం ఆగు. నాకు అది చాలు.

కోరా


వెస్ట్ ఆర్లీ
ఏప్రిల్

అమ్మాయ్,

ఇది నీకు చేరితే మన చివరి ఉత్తరం. కోపం ఉంచుకో. అది నాకు తగినదే. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

నీ పేరు తీసేశాను. ఒక్కొక్కటీ, నా ఒక్క వేలితోనే. ఏ శనివారం ఎక్కడ ఆడారో చెప్పే భాగం మొత్తం పీకేయించాను, అందరిదీ. సైట్‌వాళ్ళు తిడుతున్నారు. 'అల్లినవాళ్ళ పేరు చెప్పాలని మా ప్రాణం తీసింది నువ్వే కదమ్మా, నువ్వే తీసేస్తావా?' అని ఎవరో రాశారు. క్లిఫర్డ్ తన పేరు రాసుకున్నాడు. చూసి, కంప్యూటర్ కట్టేసి, వెళ్ళి బస్సు కడిగాను.

కోర్టులో వాడు నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపుని నువ్వు అన్నేళ్ళు రోజూ ఎలా భరించావే? తాళాలు మార్చాను. మేడ మీద గదికి కూడా. రోడ్డు మీద బండి నెమ్మదిస్తే కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆలస్యంగానే, కానీ తెలుస్తోంది.

నిన్న శనివారం నీ రెండో ఆట చెప్పాను. వరసలు కట్టారు, అడుగులు చూపించాను. అల్లినవాళ్ళ పేరు చెప్పే చోటికి వచ్చి ఆగాను. హాలంతా నా నోటివైపు చూస్తోంది. ఫిడేలువాళ్ళు కమాను ఎత్తి పట్టుకుని ఉన్నారు. "ఎవరిదీ ఆట ప్రూ?" అంది మిల్లీ ముందు వరసలోంచి. నాకు నీ పేరు నాలుక చివర దాకా వచ్చింది. నోరు గట్టిగా మూసుకున్నాను. అలా ఎంతసేపు నిలబడ్డానో, పిల్లలు కూడా గుసగుసలు మానేశారు.

తర్వాత, "ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకోండి" అన్నాను.

మీ వదిన
ప్రూ